అఖాతం ఒడ్డున ఆగిన అంగడి

బెలీజ్ ఉత్తర తీరంలో, నది సముద్రంలో కలిసే చోట, రెండు వేల ఏళ్ల కిందట ఒక పల్లె తన ఇళ్లను తానే పూడ్చేసి వాటి మీద గుళ్లు కట్టుకుంది. మాయా నాగరికత తొలినాళ్ల వర్తకానికి సాక్షిగా మిగిలిన ఆ సెర్రోస్‌ను, ఒకప్పుడు దానికి బతుకునిచ్చిన సముద్రమే ఇప్పుడు కొద్దికొద్దిగా కోసుకుపోతోంది.

కొరొజాల్ పట్టణం గట్టు మీద నిలబడి చూస్తే అఖాతానికి అవతల ఆ భూభాగం సన్నటి ఆకుపచ్చ గీతలా కనిపిస్తుంది. అంతా చదును నేల, దాని అంచున మడ అడవి. ఎటు చూసినా ఎత్తు అనేది లేని ఆ తీరంలో ఒక్కచోట మాత్రం చెట్ల తలలు గుంపుగా పైకి లేచి ఉంటాయి. ఆ ఎత్తు ప్రకృతి ఇచ్చింది కాదు, మనుషులు మోసి పోసింది. స్పానిష్‌లో ‘సెర్రోస్’ అంటే గుట్టలు. మట్టి కప్పుకొన్న ఆ గుట్టలను చూసిన తర్వాతి కాలపు జనం పెట్టిన పేరది. సెర్రో మాయా అని కూడా పిలుస్తారు. కట్టినవాళ్లు తమ ఊరిని ఏమని పిలుచుకున్నారో చెప్పే శాసనం మాత్రం ఏదీ దొరకలేదు.

మాయా నాగరికత అనగానే అందరికీ గుర్తొచ్చేవి గ్వాటెమాలా అడవుల్లోని టికాల్, మెక్సికోలోని చిచెన్ ఇట్జా. వాటి ముందు సెర్రోస్ చాలా చిన్నది. పర్యాటకుల రద్దీ ఉండదు, ఫోటోల్లో అదరగొట్టే శిఖరాలు లేవు. కానీ టికాల్ మహానగరం కావడానికి కొన్ని శతాబ్దాల ముందే ఇక్కడ దోనెలు ఆగాయి, సరుకు చేతులు మారింది, రాజరికమనే కొత్త ఆలోచన గచ్చు బొమ్మలుగా గోడకెక్కింది. పల్లె పట్నంగా ఎలా మారుతుంది, ఎవరి సొమ్ముతో మారుతుంది, ఆ సొమ్ము దారి మళ్లితే ఏమవుతుంది అన్న ప్రశ్నలకు ఇంత చిన్న చోట ఇంత విపులంగా సమాధానం దొరికే స్థలాలు అరుదు.

మొగ దగ్గర ఊరు

సెర్రోస్ విలువంతా దాని స్థానంలోనే ఉంది. బెలీజ్ నడిబొడ్డు నుంచి ఉత్తరానికి పారే న్యూ రివర్ అనే నది ఇక్కడే కొరొజాల్ అఖాతంలో కలుస్తుంది. ఆ అఖాతం పెద్దదైన చెటుమల్ అఖాతంలో ఒక భాగం. మెక్సికో, బెలీజ్‌ల సరిహద్దుగా పారే రియో హోండో కూడా చెటుమల్ అఖాతంలోకే వస్తుంది. దాన్ని దాటితే కరీబియన్ సముద్రం. అంటే లోతట్టు అడవుల నుంచి రెండు నీటి దారులు, తీరం వెంట ఇంకో దారి ఈ ఒక్క ప్రాంతంలో కలుస్తాయి. నది మొగకు తూర్పున, నీళ్లలోకి చొచ్చుకొచ్చిన నేల ముక్క మీద సెర్రోస్ ఉంది. నదిలోకి వెళ్లే దోనె, నదిలోంచి వచ్చే దోనె ఏదైనా సరే, దాని కళ్ల ముందు నుంచి పోవాల్సిందే.

ఈ మాట ప్రాధాన్యం తెలియాలంటే మాయా ప్రజల రవాణా ఎలా సాగేదో చూడాలి. బండ్లు లేవు. బండ్లు లాగడానికి ఎద్దులు లేవు, గుర్రాలు లేవు. భూమి మీద కదిలే ప్రతి సరుకూ మనిషి వీపు మీదే కదలాలి. నుదుటికి పట్టీ తగిలించుకుని, దాని ఆసరాతో వీపున మూట మోసేవారు. మోసేవాడికి దారిపొడవునా తిండి పెట్టాలి కాబట్టి బరువైన, చవకైన సరుకును భూమి మీద ఎక్కువ దూరం పంపితే గిట్టుబాటు కాదు. అదే ఒక మాను తొలిచి చేసిన దోనెలోనైతే పదిమంది మోసే సరుకును ఒకరిద్దరు తెడ్డు వేసి తీసుకుపోవచ్చు. అందుకే నదులే రహదారులయ్యాయి, నదీ మొగలే కూడళ్లయ్యాయి.

ఆ దోనెలు ఎంత పెద్దవిగా ఉండేవో బయటి ప్రపంచానికి 1502లో తెలిసింది. నాలుగో యాత్రలో ఉన్న కొలంబస్‌కు హోండురాస్ తీరానికి సమీపంలోని గ్వనాహా దీవి దగ్గర ఒక భారీ దోనె ఎదురైంది. తండ్రితో పాటు ఆ ఓడలో ఉన్న కుర్రవాడు ఫెర్నాండో తర్వాత దాన్ని వర్ణించి రాశాడు. ఒకే చెట్టు మాను తొలిచి చేసింది, తెడ్లు వేసేవాళ్లే పాతిక మంది, మధ్యలో తాటాకు పందిరి లాంటి నీడ. అందులో నూలు బట్టలు, అంచుకు చెకుముకి రాళ్లు పొదిగిన చెక్క కత్తులు, రాగి గొడ్డళ్లు, కోకో గింజలు ఉన్నాయి. కింద పడిన కోకో గింజలను వాళ్లు ఎంత ఆత్రంగా ఏరుకున్నారో చూసి స్పెయిన్ వాళ్లు ఆశ్చర్యపోయారట. వాళ్లకు తెలియని సంగతేమిటంటే ఆ ప్రాంతంలో కోకో గింజే చిల్లర డబ్బు. ఇవాళ గోదావరి జిల్లాల కొబ్బరి తోటల్లో అంతరపంటగా పండుతున్నది ఆ గింజే. ఆ దోనె మాయా వర్తకులదేనని చాలామంది పండితుల అభిప్రాయం.

సెర్రోస్ బతికిన కాలం దీనికి పదిహేను వందల ఏళ్లు ముందు. అప్పటికి రాగి ఈ ప్రాంతానికి రాలేదు. కానీ నీటి మీద సరుకు నడిచే పద్ధతి అప్పటికే స్థిరపడింది.

ఏం వచ్చేది, ఎక్కడి నుంచి

తవ్వకాల్లో దొరికిన వస్తువులను పటం మీద పెట్టి చూస్తే సెర్రోస్ చుట్టూ ఎంత పెద్ద ప్రపంచం ఉండేదో అర్థమవుతుంది. అన్నిటికన్నా దగ్గరిది చెకుముకి రాయి. దక్షిణాన సుమారు 50 కి.మీ. దూరంలో కోల్హా అనే ఊరుంది. అక్కడ మేలైన చెకుముకి రాయి దొరుకుతుంది. ఆ ఊళ్లో గొడ్డళ్లు, గునపపు మొనలు చెక్కడం దాదాపు ఇంటింటి పరిశ్రమ. చెక్కగా రాలిన పెచ్చులు కొన్నిచోట్ల మీటరుకు పైగా మందాన పేరుకుపోయాయంటే ఎంత సరుకు తయారైందో ఊహించవచ్చు. ఆ పనిముట్లు ఉత్తర బెలీజ్ అంతటికీ వెళ్లాయి. సెర్రోస్ రైతులు, వడ్రంగులు వాడింది వాటినే. సుజాన్ లెవెన్‌స్టైన్ అనే పరిశోధకురాలు సెర్రోస్ రాతి పనిముట్ల అంచులను సూక్ష్మదర్శినిలో పరీక్షించి, ఏది చెక్క కోసింది, ఏది మట్టి తవ్వింది అన్న సంగతులు తేల్చడానికి ప్రయత్నించారు. ఆ అధ్యయనం 1987లో పుస్తకంగా వచ్చింది.

ఇక దూరపు సరుకు. నల్లటి అద్దంలా మెరిసే అబ్సిడియన్ అగ్నిపర్వతాల దగ్గరే పుడుతుంది. సున్నపురాతి నేల అయిన ఉత్తర బెలీజ్‌లో దొరికే ప్రశ్నే లేదు. అది 400 కి.మీ.కి పైగా దూరంలోని గ్వాటెమాలా కొండల నుంచి రావాలి. పచ్చటి జేడ్ రాయి గ్వాటెమాలాలోనే మొటాగువా నది లోయ నుంచి రావాలి. అది కూడా 350 కి.మీ. పైమాటే. జేడ్ అంటే మాయా ప్రజలకు ఆభరణం ఒక్కటే కాదు. మొక్కజొన్న మొలక రంగు, నీటి రంగు, ప్రాణం రంగు అది. బంగారం కన్నా విలువైనదిగా దాన్ని చూసేవారు.

మరి బదులుగా సెర్రోస్ ఏమిచ్చేది? కంటికి కనిపించే ఆధారాల్లో ఎక్కువ భాగం చేపల వేటవే. పగిలిన కుండ పెంకులను అరగదీసి, అంచుల్లో గాడి కోసి, వలలకు బరువులుగా కట్టేవారు. అలాంటివి ఇక్కడ పెద్ద సంఖ్యలో దొరికాయి. ఎండబెట్టిన చేప, ఉప్పు, పత్తి, తేనె, కోకో వంటివి ఈ తీరాన నడిచిన వ్యాపారంలో ముఖ్యమైనవని పండితుల అంచనా. అయితే ఇవన్నీ తినేసే, వాడేసే సరుకులు. తేమ నిండిన ఈ నేలలో రెండు వేల ఏళ్లు నిలిచేవి కావు. పురావస్తు శాస్త్రానికి ఉన్న పెద్ద చిక్కే ఇది. రాయి మిగులుతుంది, చేప మిగలదు. పెద్దవాళ్లు మెడలో వేసుకున్నది మ్యూజియంలో కనిపిస్తుంది, మామూలు మనుషులు బుట్టలో మోసింది కనిపించదు.

ఇళ్ల మీద గుడి

సెర్రోస్‌లో తొలి పల్లె క్రీ.పూ. 300 ప్రాంతం నాటికే ఉంది. నీటి ఒడ్డున దగ్గరదగ్గరగా కర్రలు పాతి, ఆకులు కప్పిన ఇళ్లు. చేపలు పట్టేవాళ్లు, మొక్కజొన్న పండించేవాళ్లు, దోనెల మీద తిరిగేవాళ్లు. కొన్ని తరాల పాటు ఇళ్ల నేలలు ఒకదాని మీద ఒకటి వేసుకుంటూ అక్కడే ఉన్నారు.

క్రీ.పూ. 50 ప్రాంతంలో అంతా మారిపోయింది. ఒడ్డున ఉన్న ఆ పల్లెను ఖాళీ చేశారు. ఎవరో దండెత్తి వచ్చి తగలబెట్టినట్టు కాదు. ఊరివాళ్లే పద్ధతి ప్రకారం సాగనంపినట్టు కనిపిస్తుంది. విందు చేసుకుని, ఆ తాగిన పాత్రలను అక్కడే పగలగొట్టారు. జేడ్ ముక్కలను నలగ్గొట్టి చల్లారు. తెల్లమట్టి పరిచారు. ఆపైన మట్టి, రాయి మోసి పోసి పల్లె మొత్తాన్ని పూడ్చి, విశాలమైన గచ్చు ఆవరణ వేశారు. దాని ఉత్తరపు అంచున, సముద్రాన్ని వెనక పెట్టుకుని ఒక గుడి కట్టారు. పరిశోధకులు దానికి పెట్టిన పేరు పొడిపొడిగా ఉంటుంది: కట్టడం 5సి. ఇళ్లు మాత్రం ఆవరణ చుట్టూ చెదురుమదురుగా, దూరదూరంగా మళ్లీ వెలిశాయి.

తాతలు పుట్టిన ఇంటిని పూడ్చి గుడికి చోటివ్వడం చిన్న నిర్ణయం కాదు. దాని వెనక ఎవరి ఒత్తిడి ఉంది, ఎవరి ఒప్పుకోలు ఉంది అన్నది సెర్రోస్ మనముందు పెట్టే అసలు ప్రశ్న. 1970ల నుంచి ఇక్కడ తవ్వకాలు జరిపిన అమెరికన్ పురావస్తు శాస్త్రవేత్త డేవిడ్ ఫ్రైడెల్ దీనికి ఒక సమాధానం చెప్పారు. వర్తకంతో కొన్ని కుటుంబాల చేతికి సంపద వచ్చింది. సమానులుగా బతికిన ఊళ్లో హెచ్చుతగ్గులు పొడసూపాయి. ఆ హెచ్చుతగ్గులను అందరూ ఒప్పుకునేలా చేయడానికి, దేవతలకూ మనుషులకూ మధ్య నిలబడే రాజు అనే పదవిని ఆ సమాజం తెచ్చుకుంది. మాయా భాషలో ఆ రాజు ‘అహవ్’. పరిశోధకురాలు లిండా షీల్‌తో కలిసి 1990లో వెలువరించిన పుస్తకంలో ఫ్రైడెల్ ఈ వాదనకు ఒక అధ్యాయమే కేటాయించారు.

ఆ వాదనకు వాళ్లు చూపిన ప్రధాన సాక్ష్యం 5సి ముఖభాగం. దక్షిణం వైపు దిగే మెట్లకు అటు రెండు, ఇటు రెండు, మొత్తం నాలుగు భారీ ముఖాలు. రాతి చట్రం మీద డంగు సున్నం మెత్తి, మలిచి, ఎరుపు ప్రధానంగా రంగులు వేశారు. కింది రెండు ముఖాలు సూర్యుడివని, తూర్పున ఉన్నది ఉదయించే సూర్యుడు, పడమట ఉన్నది అస్తమించే సూర్యుడు అని ఫ్రైడెల్, షీల్ వ్యాఖ్యానించారు. పై రెండూ శుక్రగ్రహం: వేగుచుక్క, సందెచుక్క. మధ్యలో మెట్ల మీద నిలబడే రాజు చుట్టూ ఆకాశమే తిరుగుతున్నట్టు. చదువు రాకపోయినా ఆవరణలో నిలబడ్డ ప్రతి ఒక్కరికీ అర్థమయ్యే ప్రకటన అది. ఆ ముఖాలు ఏ దేవతలవన్న విషయంలో పండితులందరిదీ ఒకే మాట కాదు. కానీ అంతకుముందు చేపల వలలు ఆరిన చోట ఇప్పుడు అధికారం ఆరుబయట నిలబడిందన్నదాన్ని ఎవరూ కాదనలేరు.

కాలువ, బంతి మైదానం, పచ్చరాళ్ల మూట

ఒకసారి మొదలైన నిర్మాణం ఆగలేదు. కొన్ని తరాల్లోనే 5సిని చిన్నబుచ్చే కట్టడాలు లేచాయి. అన్నిటికన్నా ఎత్తైన నాలుగో కట్టడం సుమారు 22 మీటర్లు, అంటే ఏడంతస్తుల మేడంత. ఆ ఊరి జనాభా కొద్దివేల లోపేనని గుర్తుంచుకుంటే, ఎంతమంది ఎన్ని ఎండాకాలాలు తట్టలు మోశారో అనిపిస్తుంది. ఊరి దక్షిణ భాగంలో రెండు బంతి మైదానాలు కట్టారు. రబ్బరు బంతిని చేత్తో తాకకుండా తుంటితో కొట్టే ఆ ఆట మాయా ప్రజలకు వినోదమే కాదు, కర్మకాండ కూడా.

వీటన్నిటికన్నా మామూలు మనిషి కష్టం ఎక్కువగా కనిపించేది కాలువలో. 1,200 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల లోతున్న ఆ ప్రధాన కాలువ విల్లులా వంగి, సుమారు 37 హెక్టార్ల ఊరి నడిభాగాన్ని నేలవైపు నుంచి చుట్టుకుని ఉంటుంది. మిగతా వైపు అఖాతం. వెర్నన్ స్కార్‌బరో అనే పరిశోధకుడు దీన్ని వివరంగా అధ్యయనం చేశారు. ఆ కాలువ ఊరి మురుగును, వాన నీటిని మళ్లించేది. దాన్ని ఆనుకుని గట్లు పోసి ఎత్తు చేసిన మడిచెక్కలు ఉన్నాయి. వానాకాలం ఊరు మునగకుండా చూడటం, ఎండాకాలానికి నీళ్లు దాచుకోవడం అనే రెండు పనులూ అది చేసింది. అక్కడ దొరికే రాయి, మట్టి గుళ్లకు కూడా పనికొచ్చి ఉంటాయి. సముద్రం పక్కనే ఉన్నా తాగే నీటికి కటకటలాడే ఊరికి ఇది గుడి కన్నా తక్కువ అవసరమైనదేమీ కాదు.

సెర్రోస్ వర్తకానికి ముద్ర లాంటి ఆధారం ఆరో కట్టడం పైన దొరికింది. అక్కడ పాతిపెట్టిన పెద్ద మట్టి పాత్రలో జేడ్ రాతితో చెక్కిన తల బొమ్మలు ఉన్నాయి. మధ్యలో పెద్దది, దాని చుట్టూ నాలుగు దిక్కులా నాలుగు చిన్నవి. వాటితో పాటు సముద్రపు చిప్పలు, మెరిసే ఖనిజం ముక్కలు అతికిన అద్దాలు. ఇవి రాజు ధరించిన అధికార చిహ్నాలని, ఆయన తదనంతరం వాటిని గుడికి సమర్పించారని ఫ్రైడెల్ అభిప్రాయం. 350 కి.మీ.కి పైగా ప్రయాణించి వచ్చిన రాయి అది. ఎన్ని చేతులు మారిందో, ఎన్ని దోనెలు ఎక్కి దిగిందో. చివరికి మట్టిలోకే వెళ్లింది. సరుకును అమ్మి లాభం చేసుకోవడం కన్నా, పాతిపెట్టి పరువు సంపాదించడం ఆ రాజులకు ముఖ్యమైంది.

అంతా వర్తకమేనా?

సెర్రోస్‌ను ‘ప్రాచీన ఓడరేవు’ అనేసి ఊరుకోవడం తేలిక. కానీ లెక్కలు అంత తేలిగ్గా తేలవు. ఇక్కడ దొరికిన అబ్సిడియన్ పెద్ద మొత్తమేమీ కాదు. పెద్ద టోకు మార్కెట్ అయి ఉంటే దొరకాల్సినంత లేదు. జేడ్ కూడా ఎక్కువగా గుడి పూజల్లో, పాతిపెట్టిన చోట్లలో దొరికింది తప్ప వ్యాపారి గోదాములో కాదు. ఇక్కడి వస్తువులను సమగ్రంగా పరిశీలించిన జేమ్స్ గార్బర్, జేడ్ ఎక్కడ వాడారు, ఎక్కడ పగలగొట్టారు అన్నది కూడా ఓపిగ్గా నమోదు చేశారు. దాన్నిబట్టి చూస్తే విలువైన రాళ్ల ప్రయాణం రాజుల మధ్య బహుమతుల, పొత్తుల వ్యవహారంలా ఉంటుంది. చేప, ఉప్పు, చెకుముకి పనిముట్ల ప్రయాణం ఊరికీ ఊరికీ మధ్య నిత్యావసర సరుకుల మార్పిడిలా ఉంటుంది.

అంటే సెర్రోస్ మీదుగా నడిచింది ఒక వ్యాపారం కాదు, రెండు. ఒకటి పెద్దలది: తక్కువ బరువు, ఎక్కువ పేరు. రెండోది ఊరందరిది: ఎక్కువ బరువు, తక్కువ పేరు. మొదటిది గుళ్లను అలంకరించింది. రెండోది గుళ్లు కట్టేవాళ్లకు అన్నం పెట్టింది. నది మొగను పట్టుకుని కూర్చున్న ఊరికి ఈ రెండూ అందాయి కాబట్టే అది చుట్టుపక్కల పల్లెలకు భిన్నంగా ఎదిగింది. ఎగువన, న్యూ రివర్ ఒడ్డునే ఉన్న లామనాయ్ కూడా ఆ కాలంలోనే పెద్ద గుళ్లు కట్టింది. లోతట్టున సుమారు 180 కి.మీ. దూరంలో ఎల్ మిరడోర్ అప్పటి మాయా ప్రపంచానికే పెద్దన్న. అక్కడి లా డాంటా గుడి ఎత్తు 72 మీటర్లు. ఆ మహానగరాల ఆకలి, ఆడంబరం తీరాన్ని తాకే చోట్లలో సెర్రోస్ ఒకటి.

దారి మళ్లిన దోనెలు

ఆ వైభవం ఎన్నాళ్లో నిలవలేదు. క్రీ.శ. రెండో శతాబ్దం నాటికి సెర్రోస్‌లో పెద్ద కట్టడాల పని ఆగిపోయింది. ఒకప్పుడు పల్లె ఇళ్లను సాగనంపినట్టే గుళ్లను కూడా సాగనంపారు. గచ్చు ముఖాల ముందు మంటలు పెట్టారు. అలంకారాలను చెక్కేశారు. జేడ్ చెవి కమ్మలను నలగ్గొట్టి చల్లారు. తెల్లమట్టి పోశారు. కోపంతో చేసిన విధ్వంసం కాదిది, ప్రాణం పోసిన దానికి ప్రాణం తీసే తంతు అంటారు పరిశోధకులు.

ఎందుకు? దాదాపు అదే కాలంలో ఎల్ మిరడోర్ కుప్పకూలింది. లోతట్టున టికాల్ వంటి కొత్త శక్తులు లేచాయి. రాజకీయం మారితే పొత్తులు మారతాయి, పొత్తులు మారితే సరుకు దారి మారుతుంది. పెద్దల వర్తకం మీద ఆధారపడిన రాజరికానికి ఆ దెబ్బ కాచుకునే శక్తి లేకపోయింది. అఖాతానికి అవతల, ఇప్పటి కొరొజాల్ పట్టణం ఉన్న చోట సాంటా రీటా అనే ఊరు ఆ తర్వాతి శతాబ్దాల్లో ప్రాముఖ్యంలోకి వచ్చింది. నీళ్లు అవే, మొగ అదే. రేవు మాత్రం ఆ ఒడ్డుకు మారింది.

అయితే రాజు పోయినంత మాత్రాన జనం పోలేదు. పాడుబడుతున్న గుళ్ల చుట్టూ కొన్ని కుటుంబాలు వ్యవసాయం చేసుకుంటూ, చేపలు పట్టుకుంటూ ఉండిపోయాయి. 1990లలో డెబ్రా వాకర్ నాయకత్వంలో జరిగిన పరిశోధన తర్వాతి శతాబ్దాల్లోనూ ఇక్కడ మనుషుల రాకపోకలు సాగాయని మరింత స్పష్టం చేసింది. రాజరికం కూలితే చరిత్ర పుస్తకంలో అధ్యాయం ముగుస్తుంది. వల మాత్రం మర్నాడు పొద్దున్నే మళ్లీ నీళ్లలో పడుతుంది.

అఖాతం మీది వర్తకం కూడా ఆగలేదు. స్పెయిన్ వాళ్లు వచ్చేనాటికి ఈ ప్రాంతమంతా చెటుమల్ అనే రాజ్యం. తేనెకు, కోకోకు పేరుమోసింది. దాని రాజధాని సాంటా రీటాయేనని 1980ల్లో అక్కడ తవ్విన డయాన్ చేజ్, ఆర్లెన్ చేజ్ దంపతులు వాదించారు. 1511లో ఓడ మునిగి ఈ తీరానికి చేరిన గొంజాలో గెరెరో అనే స్పెయిన్ నావికుడు చెటుమల్ పాలకుడి కొలువులో చేరి, ఇక్కడి అమ్మాయినే పెళ్లాడి, పిల్లల్ని కన్నాడు. 1519లో కోర్టెస్ కబురు పంపినా తిరిగి వెళ్లలేదు. తన జాతివాళ్ల మీదే యుద్ధానికి దిగాడు.

కోతపడుతున్న గతం

సెర్రోస్ బయటపడటం వెనక కూడా ఒక వ్యాపారమే ఉంది. 1970ల ఆరంభంలో అమెరికాలోని టెక్సస్‌కు చెందిన ఒక కంపెనీ ఇక్కడ విహార కేంద్రం కట్టాలనుకుంది. ఆ పథకంలో భాగంగానే పురావస్తు పరిశోధనకు దారి దొరికింది. విహార కేంద్రం కాగితాల మీదే ఉండిపోయింది. తవ్వకాలు మాత్రం 1981 దాకా సాగాయి. ఇప్పుడిది బెలీజ్ ప్రభుత్వ రక్షణలో ఉంది.

వెళ్లినవాళ్లకు ఎదురయ్యే తొలి ఆశ్చర్యం ఆ ప్రసిద్ధ ముఖాలు కనిపించకపోవడం. గాలికి, వానకు, ఉప్పు తేమకు సున్నపు గచ్చు నిలవదు. అందుకే వాటిని పరిశీలించాక మళ్లీ కప్పేశారు. రెండు వేల ఏళ్లు మట్టి కాపాడిన దాన్ని మళ్లీ మట్టికే అప్పగించడం తెలివైన పనే. కానీ సముద్రం వైపు అలాంటి రక్షణ తేలిక కాదు. ఈ రెండు వేల ఏళ్లలో సముద్రమట్టం పెరిగింది. ఒడ్డు వెనక్కి జరుగుతోంది. పూడ్చిపెట్టిన ఆ తొలి పల్లె సరిగ్గా ఆ ఒడ్డునే ఉంది. అలలు మొదట కోసుకుపోయేది రాజుల గుడిని కాదు, దాని కింద ఉన్న మామూలు మనుషుల ఇంటి నేలలను. తుపానులు తరచుగా తాకే ఈ తీరంలో ఏటా ఎంత పోతోందన్నది లెక్కించి, పోకముందే నమోదు చేసుకోవడం ఒక చిన్న దేశానికి పెద్ద భారమే.

నాలుగో కట్టడం పైకి ఎక్కితే అదంతా ఒక్క చూపులో కనిపిస్తుంది. ఎదుట అఖాతం, అవతలి ఒడ్డున కొరొజాల్ ఇళ్లు, పడమట నది మొగ. కొరొజాల్ జిల్లా జనంలో చాలామంది 1847లో యూకటాన్‌లో మొదలైన యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన మాయా, మెస్టిజో కుటుంబాల వారసులు. వాళ్లతో పాటే చెరకు సాగు పెరిగింది. ఆ చెరకు తోటల్లో పనికి 19వ శతాబ్దం రెండో సగంలో భారతీయ కూలీలూ వచ్చారు. కొరొజాల్ దగ్గర హైవే పక్కన ‘కలకత్తా’ అనే ఊరు ఇప్పటికీ ఉంది. పేరు తప్ప భాష మిగల్లేదు. జేడ్, అబ్సిడియన్ లాగే మనుషులను కూడా సరుకు అవసరాలు ఈ తీరానికి తెచ్చి పడేశాయి.

గుట్ట మీది నుంచి చూస్తున్నంతసేపూ అఖాతంలో పెద్ద ఓడ ఏదీ కనిపించకపోవచ్చు. లోతు తక్కువైన ఈ నీళ్లు ఆధునిక నౌకలకు పనికిరావు. చేపల పడవలు మాత్రం తిరుగుతూనే ఉంటాయి. సెర్రోస్ మొదలైంది అలాంటి పడవలతోనే.

వెళ్లాలంటే...

భారత్ నుంచి బెలీజ్‌కు నేరుగా విమానాలు లేవు. అమెరికా మీదుగా బెలీజ్ సిటీ చేరవచ్చు. అక్కడి నుంచి ఉత్తరాన సుమారు 135 కి.మీ. దూరంలోని కొరొజాల్‌కు ఫిలిప్ గోల్డ్‌సన్ హైవే మీద బస్సులు నడుస్తాయి. మెక్సికో సరిహద్దు పట్టణం చెటుమల్ కూడా దగ్గరే. కొరొజాల్ నుంచి సెర్రోస్‌కు అఖాతం మీద పడవలో ఐదారు కిలోమీటర్లు. రోడ్డు మీద కాపర్ బ్యాంక్ గ్రామం మీదుగా చుట్టు తిరిగి రావాలి. ఆ దారిలో న్యూ రివర్‌ను చాలాకాలం చేత్తో తిప్పే బల్లకట్టు మీదే దాటేవారు. బెలీజ్ అధికార భాష ఇంగ్లిష్ కాబట్టి మాటకు ఇబ్బంది లేదు. డిసెంబర్ నుంచి ఏప్రిల్ దాకా వానలు తక్కువ. దోమలు మాత్రం ఏడాది పొడవునా ఎక్కువ. నిండు చేతుల చొక్కా, దోమల మందు లేకుండా వెళ్తే గుట్ట ఎక్కేలోపే వెనక్కి రావాల్సి వస్తుంది. ఒడ్డున అలలు బయటపెట్టిన కుండ పెంకు కనిపిస్తే చూసి వదిలేయాలి. జేబులో వేసుకోవడాన్ని చట్టం ఒప్పుకోదు.